ఒక్కసారి పట్టుకున్నది

వాల్సాల్‌లో మా షెడ్డు కాలువను ఆనుకుని ఉంటుంది.
ముందు గదిలో ఇంకా గుర్రపు జీనుల తోలువాసన.
వెనక గది నాది: నైలాను పట్టీలు, ఇనుప కొక్కేలు,
ఒక భూతద్దం, ఎర్ర ట్యాగుల డబ్బా.

ఇక్కడ అన్నిటికీ ఒకటే మాట, హార్నెస్.
బండి గుర్రానికీ అదే,
చూపులేని మనిషిని రోడ్డు దాటించే కుక్కకీ అదే,
అంగడిలో తప్పిపోకుండా పసివాడి రొమ్ముకు కట్టేదీ,
కప్పు మీద పెంకులు పరిచేవాడి తొడలకు బిగించేదీ.
మొదట్లో ఫోనులో ఎవరైనా "హార్నెస్ తెగింది" అంటే
ఏ ప్రాణానిదో కనుక్కోవాల్సి వచ్చేది.

మనకట్లా కాదు.
ఎద్దుకు పలుపు, పొగరెక్కితే ముకుతాడు,
గుర్రానికి జీను, నోటికి కళ్ళెం.
ఆ కళ్ళెం ఎక్కువసార్లు నా నోటికే.
కుర్చీ దొరికినవాడు పగ్గాలందుకున్నాడంటాం,
చేతులెత్తేసినవాడు కాడి పడేశాడంటాం.
ఇన్నున్నాయి గానీ, చూస్తే
అన్నీ లాగించేవీ, ఆపేవీ.
పడేవాణ్ణి పట్టుకునేదొక్కటే. మోకు.

మోకు మా ఇంటి మాట.
బుచ్చాగౌడు మామ తెల్లారకముందే నడుముకు చుట్టి
కాళ్ళకు గుజి తొడిగి
తాటిమొదట్లో నిలబడి మూడుసార్లు గుంజి చూసేవాడు.
"చెట్టును కాదే, దీన్నడగాలె" అనేవాడు.
ఏమడగాలో చెప్పలేదు.

ముందు గదిలో డోరీన్, డెబ్భై దాటింది.
ఒకే రంధ్రంలోంచి రెండు సూదులు ఎదురెదురుగా పోనిస్తుంది.
ఒక దారం తెగినా రెండోది ఉంటుందట.
"మొగుడి విషయంలో ఆ పని చెయ్యలేకపోయాను" అని నవ్వుతుంది.
నవ్వాలో వద్దో నాకింకా తెలీదు.

మంగళవారం డడ్లీ నుంచి ఒక పార్సిల్.
కొత్తగా మెరుస్తున్న పట్టీలు, మరక లేదు,
వెంట ఒక చీటీ: 'దాదాపు కొత్తదే, మళ్ళీ వాడుకోవచ్చా?'
రొమ్ము దగ్గర మడత తిప్పాను.
కుట్టు వరసగా పిగిలిపోయి
లోపల దాచిన ఎర్రగుడ్డ నాలుకలా బయటికొచ్చింది.
భూతద్దం అక్కర్లేకపోయింది.
ఇది ఒక మనిషిని పట్టుకుంది.

పట్టుకున్న దాన్ని రెండోసారి నమ్మకూడదు.
మా రూలు అది.
పోగుల్లో ఉన్న సాగుడంతా
ఆ ఒక్క క్షణానికే ఖర్చైపోతుంది.
తప్పు చేసినదానికీ, ప్రాణం నిలిపినదానికీ
మా దగ్గర ఒకటే కత్తెర.

గురువారం ఆ పిల్లవాడే వచ్చాడు.
కీరన్, పందొమ్మిదేళ్ళు, చెవులు ఎర్రగా.
కొయ్యొద్దని అడగడానికొచ్చి
అడగలేక కాసేపు క్యాలెండరు చూశాడు.
ఎట్లా ఉండింది అన్నాను.
"ముందేం లేదు. తర్వాత
ఎవరో గట్టిగా తిట్టి రెక్క పట్టి లాగినట్టు."
తొడల మీద పట్టీల అచ్చు ఇంకా నల్లగా ఉందట.
వాళ్ళమ్మ రోజూ చూస్తానంటే సిగ్గేస్తుందట.
మామ నడుముకూ ఉండేది అట్లాంటి చార,
ముప్పై ఏళ్ళది, కాయ కాసి,
స్నానం చేసేటప్పుడు మాత్రమే కనిపించేది.

వాడు చూస్తుండగానే కోశాను.
దళసరి నైలాను, సులువుగా తెగలేదు.
తొడపట్టీ బెత్తెడు ముక్క వాడి చేతిలో పెట్టాను.
రూలు ప్రకారం అదీ ఇవ్వకూడదు.
వాడు దాన్ని మడిచి
ఫోను పెట్టుకునే జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం రిజిస్టరు.
కారణం అనే గడి కింద
అరిగింది, కాలింది, గడువు తీరింది, ఇతరములు.
ఇతరములు దగ్గర టిక్కు పెట్టి
పక్కన తెలుగులో రాశాను, పట్టుకుంది అని.
డోరీన్ కళ్ళజోడు దించి
ఆ గుండ్రటి అక్షరాలకేసి చూసి
"ఇదేం కుట్టు?" అంది.

కాలువ మీద బాతులు అరుస్తున్నాయి.
డబ్బాలోంచి తర్వాతిదాన్ని బల్ల మీదికి తీసి
మూడుసార్లు గుంజాను.